ఓర్‌వాల్‌లో పదిహేనో జెహాన్

ఆ ఆదివారం ఓబ్రీ పెట్టుకున్న పని చిన్నదే. కోడి కూసే వేళకు పుట్టిన కొడుకును పూజ కాగానే చర్చికి తీసుకెళ్లాలి, జ్ఞానస్నానం చేయించాలి, ఒక పేరుతో ఇంటికి తేవాలి. ఆ పేరు జెహాన్ కాకూడదు. లోకంలో మిగతా ఏ పేరైనా సరే.

ఓర్‌వాల్ నలభై గడపల ఊరు. అందులో పధ్నాలుగు మంది జెహాన్‌లు. ఎర్ర జెహాన్, పొడుగు జెహాన్, బావి కాడి జెహాన్, పిండిమర నడిపే మర జెహాన్... ఆఖరివాడికి గుర్తుగా ఏమీ దొరక్క, వాడు 'ఇంకో జెహాన్'గా స్థిరపడిపోయాడు. ఓబ్రీ భార్య ఎమ్లీన్‌కు తండ్రి జెహాన్. తమ్ముడూ జెహానే. ఆ తమ్ముడు కిందటి చలికాలం జ్వరంతో పోయాడు. గురువుగారు పూజలో "జెహాన్ ఆత్మకు శాంతి" అన్నప్పుడు చర్చిలో సగం మంది ఉలిక్కిపడి పక్కవాణ్ని చూసుకున్నారు. గోతి దగ్గర నిలబడ్డ ఎమ్లీన్‌ను ముగ్గురు విడివిడిగా వచ్చి "ఏ జెహానమ్మా?" అని అడిగారు. మూడోవాడికి ఆమె జవాబు చెప్పలేదు. వాడి వైపు చూసింది, అంతే. వాడు ఇప్పటికీ వాళ్ల వాకిలి ముందు నుంచి నడవడు.

"ఇదిగో, వింటున్నావా?" అంది ఎమ్లీన్ మంచం మీద నుంచి. "నా బిడ్డ పేరు చెబితే నా బిడ్డే గుర్తుకు రావాలి. పక్కింటోడు కాదు. జెహాన్ అని పెట్టించుకుని గడప తొక్కావో, పాలు నువ్వే ఇచ్చుకో."

"ఊఁ" అన్నాడు ఓబ్రీ.

అతను తడికలు అల్లేవాడు. హేజెల్ పొద బద్దలతో పొద్దస్తమానం పని. బద్దలు మాట్లాడవు గనుక అతనికీ ఆ అలవాటు తప్పింది. కానీ ఈ విషయంలో నెల ముందు నుంచే ఆలోచించి పెట్టుకున్నాడు. పేరు పెట్టడం తండ్రి చేతిలో లేదు. బిడ్డను జ్ఞానస్నానపు తొట్టిలోంచి ఎత్తుకునే పెద్ద జ్ఞానతండ్రి తన పేరే బిడ్డకు ఇస్తాడు. ఆ ఊళ్లో ఎప్పటి నుంచో అంతే. జెహాన్ ఇంకో జెహాన్‌ను ఎత్తుకోబట్టే వాళ్లు కుందేళ్లలా పెరిగారు. అందుకని ఓబ్రీ పేరును వెతకలేదు, మనిషిని వెతికాడు.

దొరికినవాడు రౌల్. ఊరి గొర్రెలన్నిటినీ ఇరవై ఏళ్లుగా మేపుతున్న కాపరి. నెమ్మదస్తుడు. ఊరికి ఒకే ఒక్క రౌల్. రెండో జ్ఞానతండ్రిగా జెరార్‌ను అడిగాడు. జెరార్ ఇళ్లకు గడ్డి కప్పేవాడు. మూడేళ్ల కిందట మర జెహాన్ రెండు రోజులకని అతని నిచ్చెన పట్టుకెళ్లాడు. దాన్ని తిరిగి అడగడానికి నోరు రాక అప్పటి నుంచి జెరార్ పందుల దొడ్లే కప్పుతున్నాడు. చేతికి అందుతాయని. జ్ఞానతల్లి రిషిల్డ్, పొడుగు జెహాన్ భార్య. ఊరికంతా ఆపిల్ కల్లు ఆమే తీస్తుంది. పురిటి మనిషి నలభై రోజుల దాకా చర్చి గుమ్మం తొక్కకూడదు గనుక బిడ్డను మంత్రసాని పెరొనెల్ ఎత్తుకుంది. ఎమ్లీన్ తలుపు మూసుకునే దాకా వాళ్లను చూస్తూనే ఉంది.

పూజ అయింది. ఊరంతా ఇంకా ఆవరణలోనే ఉంది. చర్చి వాకిట్లో గురువు ఆన్సో గారు పుస్తకం, ఉప్పు గిన్నె పట్టుకుని నిలబడ్డారు. ఆయన కిందటి వారమే పవిత్ర తైలం కోసం బిషప్ గారి పట్నం వెళ్లి వచ్చారు. దారిలో ఒక మఠంలో బస చేస్తే, రైన్ నది అవతలి నుంచి వచ్చిన ఒక ముసలి సన్యాసి కలిశాడు. ఆయనకు వెనకటి ఫ్రాంకుల భాష వచ్చు. పేర్ల అర్థాలన్నీ ఒక్కొక్కటే విప్పి చెబితే గురువుగారు మైనపు పలక మీద గీసుకుని తెచ్చుకున్నారు. వారం రోజులుగా ఆ సంగతి ఎవరికి చెబుదామా అని ఆయనకు లోపల ఉడుకుతోంది. ఇదేదీ ఓబ్రీకి తెలియదు.

"బిడ్డకు ఏ పేరు ఇస్తున్నారు?" అని గురువుగారు రివాజు ప్రకారం అడిగారు.

"రౌల్ అండి" అన్నాడు రౌల్, టోపీ చేతుల్లో నలుపుతూ.

గురువుగారి మొహం వెలిగిపోయింది. "రౌల్! నీ పేరుకు అర్థమేమిటో తెలుసురా నీకు?"

"నాకెందుకండీ. మా జ్ఞానతండ్రి ఇచ్చాడు, నేను మోస్తున్నా."

"రెండు మాటలురా అది. మన ముత్తాతల ముత్తాతల భాష. మొదటిది ఆలోచన. రెండోది తోడేలు. రెండూ కలిపితే, ఆలోచన గల తోడేలు!"

ఆవరణలో ఎవరో తుమ్మబోయి మానుకున్నారు.

"ఆలోచన కూడానా?" అంది రిషిల్డ్.

"ఇరవై ఏళ్లు" అన్నాడు ఎర్ర జెహాన్ మెల్లగా. "ఇరవై ఏళ్లుగా గొర్రెల్ని తీసుకెళ్లి దాని చేతికే ఇస్తున్నాం."

"కిందటేడు నా నల్ల పిల్ల కనిపించలేదు" అన్నాడు బావి కాడి జెహాన్. "వాగులో పడిందన్నాడు."

"అనడూ మరి? ఆలోచన ఉందిగా."

ఇద్దరు ఆడవాళ్లు ఏమీ అనకుండా కొంగులు బిగించుకుని గొర్రెల దొడ్డి వైపు నడిచారు. వాళ్ల వెనక నలుగురు. ఆ వెనక పదిమంది. రౌల్ కాసేపు వాళ్లనూ, కాసేపు బిడ్డనూ చూశాడు. "అయ్యో, ఆగండర్రా! నాకు గొర్రెమాంసమే పడదు!" అని అరుస్తూ వాళ్ల వెంట పరుగెత్తాడు. పెద్ద జ్ఞానతండ్రి అలా వెళ్లిపోయాడు.

"ఇందులో కోపమెందుకు? మంచి పేరు కదా" అన్నారు గురువుగారు, నిజంగానే నొచ్చుకుని.

"గురువుగారూ, అర్థాలు తర్వాత. ముందు నీళ్లు" అన్నాడు ఓబ్రీ. ఆ నెలలో అతను అన్న మాటల్లో అదే పెద్దది.

"ఒక్క క్షణం నాయనా. రెండోవాడెవరు? జెరార్. ఇప్పుడు పేరు జెరార్ అవుతుంది, అంతే కదా?"

ఓబ్రీ తల ఊపాడు. ఊళ్లో ఒకే ఒక్క జెరార్. ఎమ్లీన్‌కు అదీ నచ్చుతుంది. గండం గడిచినట్టే అనుకున్నాడు.

"జెరార్" అన్నారు గురువుగారు ఆగలేక. "బల్లెం. బల్లెం పట్టిన ధీరుడు."

"ఎవరండీ?" అన్నాడు జెరార్.

"నువ్వే."

"నేనా?"

జెరార్ తన చేతులు చూసుకున్నాడు. తర్వాత వాటిని వెనక్కి పెట్టుకున్నాడు, ఎవరికైనా తగులుతాయేమోనన్నట్టు. అతని మెడ నెమ్మదిగా నిటారైంది. అంత పొడుగు మనిషని అప్పటిదాకా ఎవరికీ తెలియదు.

"నాదేంటండీ?" అంది రిషిల్డ్.

"యుద్ధంలో మహాబలం."

"అది నాకు తెలుసు" అందామె.

"నాకూ తెలుసు" అన్నాడు ఆమె మొగుడు పొడుగు జెహాన్ జనంలోంచి.

గురువుగారు ఇక పనిలో పడి, ప్రార్థన చదివి, బిడ్డ నాలుక మీద వేయడానికి ఉప్పు గిన్నెలో వేళ్లు పెట్టారు. రెండు పలుకులు వేస్తే చాలు. సరిగ్గా అప్పుడే జెరార్ వాకిట్లోంచి దిగి, సమాధుల మధ్య నుంచి తిన్నగా మర జెహాన్ దగ్గరికి నడిచాడు. మర జెహాన్ అంటే ఎత్తులో తలుపంత, వెడల్పులోనూ తలుపంతే.

"నా నిచ్చెన" అన్నాడు జెరార్.

"ఏ నిచ్చెన?"

"నాదే. మూడేళ్ల కిందట రెండు రోజులకని పట్టుకుపోయావు."

మర జెహాన్‌కు కోపం రాలేదు. ఆశ్చర్యమే వచ్చింది. పిండి బస్తాను ఎత్తినట్టు జెరార్ చొక్కా మెడ పట్టుకుని మొహం ఎదురుగా వచ్చేలా పైకి లేపాడు. "ఇప్పుడు మాట్లాడింది నువ్వేనా?"

"నేనే" అన్నాడు జెరార్, కాళ్లు గాలిలో ఆడుతుండగా. "నా పేరులో బల్లెం ఉంది. నీ పేరులో ఏముంది?"

మర జెహాన్ ఆలోచనలో పడ్డాడు. ఈ ప్రశ్న అతన్ని ఇంతవరకూ ఎవరూ అడగలేదు. జెరార్‌ను అలాగే వేలాడదీసి పట్టుకుని చర్చి వాకిలి వైపు తిరిగాడు. "గురువుగారండీ! మా పేరులో ఏముందండీ?"

వారం రోజులుగా ఆయన ఎదురుచూస్తున్న ప్రశ్న అది. ఒక మనిషి తనంతట తాను వచ్చి అడగడం! ఆయన చటుక్కున అటు తిరిగారు. చెయ్యి మాత్రం ఇటే ఉంది. రెండు పలుకులు పడవలసిన చోట పిడికెడు ఉప్పు పడింది.

బిడ్డ మొహం ముందు ఎర్రబడింది, తర్వాత నేరేడుపండు రంగుకు తిరిగింది, తర్వాత చప్పుడు ఆగిపోయింది.

"పోతున్నాడు!" అని పెరొనెల్ కేక పెట్టింది. నలభై ఏళ్ల మంత్రసాని ఆమె. జ్ఞానస్నానం లేకుండా బిడ్డ పోతే పై లోకంలో దానికి చోటు లేదు. అందుకే ప్రాణం మీదికి వచ్చినప్పుడు గురువు కోసం చూడకుండా ఎవరైనా ఇవ్వవచ్చు. ఆమె ఎవరినీ చూడలేదు. చూరు కింద వాననీళ్ల తొట్టి దగ్గరికి రెండంగల్లో చేరి, ఒక చేత్తో మూడుసార్లు బిడ్డ నెత్తిన పోసింది. "జెహాన్! పిత పుత్ర పవిత్రాత్మల నామమున నీకు జ్ఞానస్నానం ఇస్తున్నాను!"

చన్నీళ్లు పడగానే బిడ్డ ఉప్పంతా ఉమ్మేసి ఒక్క ఏడుపు ఏడ్చాడు. గోపురం మీది పావురాలు లేచాయి. వాడంత ఆరోగ్యంగా ఆ ఊళ్లో ఆ క్షణాన ఇంకెవరూ లేరు.

ఓబ్రీ అడుగు ముందుకు వేశాడు. "జెహాన్ అన్నావా అత్తా?"

"మరేమనమంటావయ్యా? చేతిలో బిడ్డ పోతుంటే కూర్చుని చిక్కుడుకాయల్లా పేర్లు ఏరుకుంటానా? నా నోటికి వచ్చేది అదొక్కటే. లోకంలో మొదట జ్ఞానస్నానం ఇచ్చిన పునీతుడి పేరు. ఎర్రోడికి నేనే ఇచ్చా. పొడుగోడికి నేనే ఇచ్చా. అదిగో ఆ మర వాడు పుట్టినప్పుడు తల కాగంత ఉండి, సగమే బయటికొచ్చి ఇరుక్కుంటే, ఆ సగానికే ఇచ్చా."

మర జెహాన్ జెరార్‌ను కింద పెట్టేశాడు.

"మళ్లీ చేయండి గురువుగారూ" అన్నాడు ఓబ్రీ.

"చేయకూడదు నాయనా. ఒకసారి పడితే పడ్డట్టే. రెండోసారి చేస్తే నాకు పాపం. కాకపోతే, సరిగా పడిందా లేదా అని విచారించడం నా పని." ఆయన గొంతు సవరించుకున్నారు. ఉప్పు సంగతి ఎవరూ ఎత్తకముందే విచారణ మొదలైతే మంచిదని ఆయనకు అనిపించింది. "పెరొనెల్, నువ్వు పోసినవి నీళ్లేనా?"

"చూరు నీళ్లు."

"అందులో ఆకులున్నాయి" అన్నాడు ఓబ్రీ.

"ఆకులున్న నీళ్లూ నీళ్లే."

"బాతు కూడా ఉంది."

అందరూ తొట్టిలోకి చూశారు. బాతు ఉంది.

"బాతున్న నీళ్లూ నీళ్లే" అన్నారు గురువుగారు కొంచెం ఆలోచించి. "మాటలు వరసగా అన్నావా?"

"మీరు పూజలో ఎప్పుడైనా తప్పుతారేమో గానీ, నేను తప్పను."

"నీళ్లు తల మీదే పోశావా?"

"కాళ్ల మీద పోస్తారా ఎవరైనా?"

"నిజంగా ప్రాణం మీదికి వచ్చిందా, లేక..."

"ఆ గిన్నెలో ఉప్పు ఇంకా ఉంది" అంది పెరొనెల్. "మీరూ అంత నోట్లో పోసుకుని చూడండి."

గురువుగారు గిన్నె మీద మూత పెట్టారు. "చెల్లింది. జెహానే."

ఓబ్రీ బిడ్డను చేతుల్లోకి తీసుకున్నాడు. ఇంటికి దారి మూడు వందల అడుగులు. అది ఇంకా దూరమై ఉంటే బాగుండునని అతనికి అనిపించడం అదే మొదటిసారి.

"గురువుగారండీ" అన్నాడు మర జెహాన్ వెనక నుంచి. అతను ఇంకా ఆ ప్రశ్న దగ్గరే ఉన్నాడు. మిగతా జెహాన్‌లు కూడా ఒక్కొక్కరే వచ్చి అతని పక్కన చేరారు. "మా పేరు మాట చెప్పలేదు మీరు."

"మీది ఫ్రాంకుల పేరు కాదు. అంతకన్నా పాతది, హెబ్రీయులది. 'దేవుడు దయ చూపాడు' అని అర్థం."

"తోడేలు లేదా?"

"లేదు."

"బల్లెం?"

"లేదురా."

"కనీసం చిన్న కత్తి లాంటిది?"

"దయ. అంతా దయే."

పధ్నాలుగు మందీ మొహాలు చూసుకున్నారు. సరిగ్గా అప్పుడే గొర్రెల దొడ్డికి వెళ్లినవాళ్లు గొర్రెలు లేకుండా తిరిగి వస్తున్నారు. దారిలో వాళ్లు కూర్చుని ఆలోచించారట. ఇరవై ఏళ్లలో పక్క ఊళ్ల మందల మీద తోడేళ్లు ఎన్నోసార్లు పడ్డాయి, ఓర్‌వాల్ మంద జోలికి ఒక్కటీ రాలేదు. తోడేలే కాపలా ఉన్న చోటికి ఇంకో తోడేలు ఎలా వస్తుంది? రౌల్ మెడలో ఎవరో దండ కట్టి వేశారు. చేతిలో జున్ను ముద్ద పెట్టారు. అతను ఏం జరిగిందో తెలియని మొహంతో నడుస్తున్నాడు. ఇవతల జెరార్ మర వెనక నుంచి నిచ్చెన భుజానికెత్తుకుని వస్తున్నాడు. అడ్డం చెప్పడానికి మర జెహాన్‌కు నోరు రాలేదు. పేరులో ఏమీ లేని మనిషి ఏ మొహంతో అడ్డం చెబుతాడు?

"ఈ పేరు తీసేయచ్చా అండీ?" అని ఎర్ర జెహాన్ అడిగాడు.

"దేవుడి దగ్గర రాసింది రాసినట్టే ఉంటుంది" అన్నారు గురువుగారు. "ఊళ్లో దేనికి పలుకుతారో మీ ఇష్టం." ఆ మాట అన్నందుకు తర్వాత ఆయన చాలా విచారించారు.

ఓబ్రీ ఇంటికి చేరేసరికి ఎమ్లీన్ లేచి కూర్చుని ఉంది.

"ఏం పేరు?"

"బిడ్డ బాగున్నాడు" అన్నాడు ఓబ్రీ.

"నేను అడిగింది అది కాదు."

"రౌల్ తోడేలంట. జెరార్‌కి నిచ్చెన దొరికింది."

"నీకేమైంది? కల్లు తాగావా?"

ఓబ్రీకి ఇక చెప్పక తప్పలేదు. గురువుగారు విప్పిన పేర్ల అర్థాలు చెప్పాడు, ఉప్పు చెప్పాడు, బాతు చెప్పాడు, ఆఖరికి పేరు చెప్పాడు. ఎమ్లీన్ బిడ్డను అతని చేతుల్లోంచి తీసుకుని, రొమ్ముకు అందించి, గోడ వైపు తిరిగి కూర్చుంది. పాలు ఇచ్చింది గానీ మొగుడి మొహం చూడలేదు. దానికన్నా తిట్టినా బాగుండేది.

"నీ పేరుకు ఏం చెప్పాడు ఆయన?" అంది కాసేపటికి, గోడతో.

"అడవిలో తిరిగే పొట్టి దయ్యాలకు రాజునంట."

"రాజుగారు పోయి పొయ్యిలోకి కట్టెలు తెండి. నా పేరుకో?"

"పని."

"ఆ ముక్క చెప్పడానికి పట్నం దాకా పోవాలా?"

ఓబ్రీ కట్టెలకు లేచాడు. తలుపు తీస్తే ఎదురుగా మర జెహాన్ నిలబడి ఉన్నాడు, చంకలో చిన్న పిండి మూటతో. తల వంచుకుని లోపలికి వచ్చి, మూట మంచం పక్కన పెట్టి, టోపీ తీశాడు.

"చెల్లెమ్మా, ఇది పిల్లాడికి. దీంతోపాటు పేరు కూడా. జెహాన్ అనే పేరు ఇంక నేను వాడుకోను. వాణ్ని ఉంచుకోమను."

"ఏం అన్నా, నీకేమైంది?"

"ఏం కాలేదమ్మా. నేను ఎలుగుబంటిని. పిలవడానికి కష్టమైతే ఎలుగు అంటే చాలు."

అతను అటు వెళ్లాడో లేదో, ఎర్ర జెహాన్ ఆరు గుడ్లతో వచ్చాడు. అతను డేగ. పొడుగు జెహాన్ కల్లు కూజాతో వచ్చి, తనను ఈటె అనాలని చెప్పాడు. ఇంట్లో మాత్రం రిషిల్డ్ ఇంకా ఒప్పుకోలేదన్నాడు. బావి కాడి జెహానూ ఇంకొకడూ అడవిపంది కోసం వాకిట్లోనే తగువు పడితే, ఓడినవాడు ముళ్లపందితో సరిపెట్టుకున్నాడు. ప్రతివాడూ బిడ్డ మంచం దగ్గర టోపీ తీశాడు, పాత చొక్కా ఇచ్చేసినట్టు పేరు అక్కడ వదిలేశాడు, ఛాతీ విరుచుకుని బయటికి నడిచాడు. 'ఇంకో జెహాన్' ఆలస్యంగా వచ్చాడు. అప్పటికి మంచి జంతువులన్నీ అయిపోయాయి. అతను 'ఇంకో ఎలుగు' అయ్యాడు.

ఎమ్లీన్ మొదట కోపంగా విన్నది, తర్వాత ఊరికే విన్నది. అయిదోవాడి నుంచి బిడ్డను వాళ్ల వైపు తిప్పి చూపించడం మొదలుపెట్టింది.

పధ్నాలుగోవాడు ఆమె తండ్రి. కర్ర పొడుచుకుంటూ వచ్చి, మనవడి మొహం మీదికి వంగి చూశాడు.

"నువ్వేంటి నాన్నా? పులివా?" అంది ఎమ్లీన్.

"ఈ వయసులో నాకు జంతువులెందుకే?" అన్నాడు ముసలాయన. "నన్ను తాత అంటే చాలు."

ఎమ్లీన్ బిడ్డను అతని ఒళ్లో పెట్టింది. "జెహాన్" అని పిలిచి చూసింది, నెమ్మదిగా. వీధిలో అంతమంది మగవాళ్లు నిలబడి ఒకరి పేర్లు ఒకరు మెచ్చుకుంటున్నారు. ఒక్కడూ ఇటు తిరగలేదు. ఆమె ఓబ్రీ వైపు చూసి, "కట్టెలు తర్వాత తెద్దువులే, కూర్చో" అంది. ఓబ్రీ కూర్చున్నాడు.

ఎండలు ముదిరాక, గడ్డికోత వెట్టికి మనుషుల్ని తోలుకుపోవడానికి దొరగారి కోట నుంచి పెత్తందారు వచ్చి పత్రం విప్పి చదివాడు. ఓర్‌వాల్ నుంచి పధ్నాలుగు మంది జెహాన్‌లు రావాలి. ఊరంతా కలిసి అతనికి ఒక్కణ్నే చూపించారు. వాడు అప్పుడప్పుడే బోర్లా పడడం నేర్చుకుంటున్నాడు.